తూర్పు వాకిలి నీడలు

కరిహొళెకోట, తూర్పు వాకిలి
ఆషాఢ బహుళ విదియ

అత్తకు కెంచవ్వ నమస్కారాలు.

నన్ను కావలిలోకి తీసుకున్నారు. నిన్న పొద్దున ప్రమాణం చేయించారు. ఇనుప టోపీ నా తలకు పెద్దది. కింద తువ్వాలు చుట్టుకుంటే నిలబడింది. ఈటె నాకంటే మూరెడు పొడుగు. దాన్ని గుమ్మానికి తగలకుండా తిప్పడమే మొదటిరోజు చదువు.

మాచేత వల్లె వేయించిన కట్టుబాట్లు ఇక్కడ రాస్తున్నాను. నీకు తెలిసినవే. రాస్తే నాకు గుర్తుంటాయని రాస్తున్నాను.

బయటివాళ్లు ఎవరు వచ్చినా వాకిట్లో నీడ విడిచి లోపలికి వెళ్లాలి. కావలివాడు ఆ నీడను మడమల దగ్గర విప్పి, నూలుతాడుతో ముడివేసి, కొయ్యకు తగిలించాలి. కొండవాళ్ల నీడకు రెండు మెలికల ముడి, మైదానం వాళ్లకు ఒకటి, రేవు వాళ్లకు మూడు. తిరిగి వెళ్లేటప్పుడు ఎవరి నీడ వాళ్లకు కట్టి పంపాలి. తప్పు జరిగితే, ఆ తప్పు ఏ కావలివాడిదో అతని నీడ కోసి ఏట్లో వదులుతారు. నీడ లేనివాళ్లు కోటలోకి రాకూడదు. వాళ్ల మాట సాక్ష్యానికి చెల్లదు.

చివరి రెండూ చెప్పేటప్పుడు నా గొంతు తగ్గింది. పంతొమ్మిదేళ్ల కిందట ఇదే వాకిట్లో నీ నీడ కోశారని అక్కడున్న అందరికీ తెలుసు. అందరూ నా మొహం చూశారు. నేను నా టోపీ సర్దుకున్నాను.

నలభై రోజులు నేను కొత్తదాన్ని. అప్పటిదాకా వెనక పెరట్లోకి వెళ్లకూడదట.

నీ
కెంచవ్వ


నేరళెగుడ్డ
ఆషాఢ బహుళ షష్ఠి

కెంచీ,

నీ ఉత్తరం పడవ ద్యావప్ప తెచ్చి ఇచ్చాడు. రెండుసార్లు చదివాను. మీ నాన్న ఏడ్చాడా? వాడు నన్ను ఆ వాకిట్లోంచి పంపించిన రోజు ఏడవలేదు, ఇప్పుడు ఏడిచి ఉంటాడు. ఇక్కడ వాన ఆగడం లేదు. పెరట్లో అడుగు పెడితే జలగలు. పనసకాయలు కోతులకే సరిపోతున్నాయి. కాస్త కండ మిగిలితే ఎండబెడదామంటే ఎండ ఏది?

నువ్వు ఒక పేరు రాయలేదు. నాకు బాధ కలుగుతుందని దాచావు. నింగప్ప ఇంకా అక్కడే ఉన్నాడు కదూ. ద్యావప్ప చెప్పాడు. జుట్టు నెరిసిందట, వాకిలి పెద్ద అయ్యాడట.

నీకు ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే తప్పు. ఆ రోజు నేను ఏ కొయ్యకు ఏ నీడ తగిలించానో ఆ కొయ్య మీద అదే ఉండాలి. లేదు. మారిపోయింది. ఆ వేళ వాకిట్లో ఇద్దరమే ఉన్నాం. నేను మార్చలేదు. మిగిలింది ఎవరో నువ్వే చూసుకో.

అతనితో మర్యాదగా ఉండు. ఇచ్చిన పని చెయ్యి. కళ్లు మాత్రం తెరిచి ఉంచు. చూసింది చూసినట్టు నాకు రాయి.

మీ అత్త
తిప్పక్క


తూర్పు వాకిలి
ఆషాఢ బహుళ ద్వాదశి

అత్తకు నమస్కారాలు.

నువ్వు అడిగినట్టే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నింగప్పగారు పొట్టి మనిషి. ఒక భుజం కొంచెం వాలి ఉంటుంది. నన్ను చూసిన మొదటిరోజే అడిగాడు.

“ఏమే, తిప్పక్క మేనకోడలివా?”

“అవునండీ.”

“అవే కళ్లు. ఎదుటివాడు కోడిని దొంగిలించి వస్తున్నట్టు చూస్తావు.”

అప్పటినుంచి రోజూ నీ గురించి ఏదో ఒకటి అడుగుతాడు. మీ అత్త ఇల్లు కారుతోందా, మోకాళ్లు బాగున్నాయా, ఇంకా కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుందా. ఎందుకు అడుగుతున్నాడో తెలియడం లేదు. “బాగుందండీ” అని మాత్రం చెబుతున్నాను.

మొన్న అన్నాల వేళ ఒకటి జరిగింది. మూడు రోజుల ముసురు తర్వాత కాస్త ఎండ వచ్చింది. ఆయన చేతిలో రాగిముద్ద ఉంది. దాన్ని గిన్నెలో పడేసి లేచి కొయ్యగదిలోకి వెళ్లాడు. రెండు చేతుల నిండా నీడలు వేసుకుని వెనక పెరట్లోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. అరగంట తర్వాత వచ్చి వాటిని మళ్లీ కొయ్యలకు తగిలించాడు. తలుపు సందులోంచి ఒక మాట వినబడింది. “నువ్వు బాగానే ఉన్నావులే, పక్కకు జరుగు” అని. లోపల ఇంకెవరూ లేరు.

“ఎక్కడికి తీసుకెళ్లారండీ?” అని అడిగాను.

“నలభై రోజులు కానీ, చెప్తా” అన్నాడు.

దీని గురించి కట్టుబాట్ల పుస్తకంలో ఎక్కడా లేదు. నేను మొదటినుంచి చివరిదాకా చూశాను. కోట నాయకుడు కొత్తవాడు, రాజనగరి నుంచి వచ్చినవాడు. వాకిటికి పదిరోజులకోసారి వస్తాడు. ఆయనకు ఇది తెలిసినట్టు లేదు.

ఇంకొకటి. నీ ఉత్తరం అంటించిన రాగిపిండి ఊడిపోయి ఉంది. ఉత్తరాలు ముందు నింగప్పగారి చేతికే వస్తాయి.

నీ
కెంచవ్వ


నేరళెగుడ్డ
ఆషాఢ అమావాస్య

కెంచీ,

చూశావా. నేను చెబితే మీ నాన్న నమ్మలేదు. పంతొమ్మిదేళ్లయినా మనిషి మారలేదు. గడియ ఎందుకు పెట్టుకున్నాడు? మంచిపని చేసేవాడికి గడియ ఎందుకు?

పిండి సంగతి ద్యావప్పను అడిగాను. పడవలో తడిసిందంటాడు. వాడు నింగప్ప దగ్గర ఆకూవక్కా వేసుకుంటాడు, అలాగే అంటాడు. ఈసారి మైనంతో అంటిస్తున్నాను.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. మా పుట్టింట్లో ఎద్దులకు వేసే గూడుముడి నీకు నేర్పాను, గుర్తుందా? చివర లోపలికి తోసి బిగిస్తే వేసినవాళ్లకు తప్ప ఇంకొకరికి విప్పడం రాదు. నువ్వు కట్టే ప్రతి నీడకూ అదే ముడి వెయ్యి. కొండ, రేవు అని చూడకు. అతను ఒక నీడను వేరుచేసి ఎవరికైనా ఇవ్వాలన్నా, మార్చి కట్టాలన్నా తాడు కోయాలి. కోస్తే నీకు తెలుస్తుంది. దొంగ దొరుకుతాడు.

ఎవరిది ఏదో నీకు గుర్తుంటే చాలు. మన వంశంలో జ్ఞాపకానికి లోటు లేదు.

కాళ్లకు వేపనూనె రాసుకో. వానలో నిలబడితే వేళ్ల సందులు పాసిపోతాయి.

మీ అత్త
తిప్పక్క


తూర్పు వాకిలి
శ్రావణ శుద్ధ షష్ఠి

అత్తకు నమస్కారాలు.

ఆరురోజులుగా గూడుముడే వేస్తున్నాను. నింగప్పగారు రెండోరోజే పట్టుకున్నాడు.

“ఇదేం ముడే? నీడను కట్టావా, దున్నపోతును కట్టావా?”

“జారకుండా ఉంటుందనండీ.”

“మరి కొండవాళ్లది ఏదో, రేవువాళ్లది ఏదో?”

“నాకు గుర్తుంటుంది.”

ఆయన ఆ ముడిని బొటనవేలితో తిప్పి చూశాడు. “ఈ మాట ఇదివరకు ఒకసారి విన్నాను” అన్నాడు. తర్వాత “విప్పి మళ్లీ కట్టు. పుస్తకంలో ఉన్నట్టు కట్టు” అన్నాడు.

సరేనన్నాను. సాయంత్రం కట్టావా అని అడిగితే కట్టానన్నాను. కట్టలేదు. అబద్ధం చెప్పడం నాకు కొత్త. చెవులు వేడెక్కాయి. ముసురు రోజుల్లో గదిలో నీడలు కనీకనపడకుండా ఉంటాయి కాబట్టి ఆయన దగ్గరికి వచ్చి చూడలేదు.

ఇక్కడ వాకిలి ఊడ్చే గౌరక్క అని ఉంది. నీ వేళలో ఆమె చిన్నపిల్లట. నింగప్పగారు పెరట్లో ఏం చేస్తారని మాటల్లో పెట్టి అడిగాను.

“ఆరేస్తాడమ్మా” అంది. “వానాకాలం ఆరేయకపోతే నీడకు బూజు పట్టదా? నీ చీర తడిసి పది రోజులు మూలన పడుంటే ఏమవుతుంది? గడియ పెట్టుకోకపోతే గాలికి ఎగిరి వీధిలో పడవా?”

ఆమె చెప్పింది సబబుగానే ఉంది. కానీ ఆమెకు రోజూ మధ్యాహ్నం ముద్ద పెట్టేది నింగప్పగారే. అందుకే నమ్మాలో వద్దో తెలియడం లేదు. అత్తా, నీ వేళలో అలా ఆరేసేవారా?

నీ
కెంచవ్వ


నేరళెగుడ్డ
శ్రావణ శుద్ధ దశమి

కెంచీ,

ఆరేయడమా? నాకు అలాంటిదేమీ గుర్తు లేదు.

ఎవరి ముద్ద తింటే వాళ్ల పాట పాడతారు. గౌరక్క అమ్మ కూడా అంతే. నువ్వు పుస్తకం చదివినదానివి. పుస్తకంలో లేనిది ఎవరు చెప్పినా వినకు.

ఒంట్లో బాగాలేదు. ఇంకోసారి వివరంగా రాస్తాను.

తిప్పక్క


తూర్పు వాకిలి
శ్రావణ పౌర్ణమి

అత్తా,

నమస్కారాలు. ఒక తప్పు జరిగింది. వరసగా చెబుతాను.

ఏకాదశి రోజు ఇద్దరు ఆడవాళ్లు కోటలోకి వచ్చారు. ఒకామె కొండమీది మల్లవ్వ, చాపలు అమ్ముతుంది. ఎడమకాలు కుంటి. ఇంకొకామె తెంకరేవు చిక్కమ్మ, ఎండుచేపల వ్యాపారం. ఇద్దరి నీడలూ నేనే కట్టాను, గూడుముడితోనే. పక్కపక్క కొయ్యలకు తగిలించాను.

ద్వాదశి పొద్దున కాసేపు ఎండ కాసింది. నింగప్పగారు నీడలను పెరట్లోకి తీసుకెళ్లాడు. ఆ మధ్యాహ్నం మళ్లీ కుంభవృష్టి. ఆ వానలోనే ఇద్దరూ తిరుగుప్రయాణమయ్యారు. నా కొయ్యల మీది నీడలు తీసి నేనే కట్టి పంపాను. మబ్బులో నీడ నీళ్లలా ఉంటుంది, ఆనవాలు దొరకదు. ఏ కొయ్యది ఎవరిదో నాకు గుర్తుంది కాబట్టి కట్టాను. ముడులు చూడలేదు.

నిన్న కొండమీద ఎండ వచ్చిందట. ఈ పొద్దున మల్లవ్వ కుంటుకుంటూ వాకిటికి వచ్చింది.

“ఇది నాది కాదు” అంది. “నేను కుంటుతుంటే ఇది తిన్నగా నడుస్తోంది. ఊరంతా నవ్వుతున్నారు. మా ఆవు దీన్ని చూసి పాలు చేపడం లేదు. పైగా చేపల కంపు. మా ఇంట్లో చేప ముట్టం తల్లీ.”

చిక్కమ్మ మల్లవ్వ నీడతో రేవుకు వెళ్లిపోయింది. ఆమె ఇల్లు ఎక్కడో పుస్తకంలో లేదు.

గదిలోకి వెళ్లి చూశాను. రెండు కొయ్యల కింద నూలుతాడు ముక్కలు పడి ఉన్నాయి. ముడులు కోసి ఉన్నాయి. నింగప్పగారే కోశారు, తిరిగి తగిలించేటప్పుడు మారిపోయాయి. కావాలనే మార్చారా? నువ్వు చెప్పినట్టే జరిగింది.

నాయకుడు విచారణ పెట్టాడు. బహుళ అష్టమికి తీర్పు. కొయ్య మీద నీడ మారింది నింగప్పగారి వల్ల అయితే ఆయన నీడ కోస్తారు. నా వల్ల అయితే నాది. మూడో మాట లేదు.

నాకు భయంగా ఉంది.

కెంచవ్వ


నేరళెగుడ్డ
శ్రావణ బహుళ విదియ

కెంచీ,

ఈ ఉత్తరం అందగానే కాగితం తీసుకుని కూర్చో. అతను నీమీద రాయకముందే నువ్వు అతనిమీద రాయి. ముందు రాసినవాళ్ల మాటకు బలం. నేను ఆ రోజు మాట్లాడకుండా నిలబడ్డాను, ఇవాళ ఇలా ఉన్నాను.

నా పేరు ఎత్తకు. నీడ లేనిదాని మాట తెచ్చావంటే నీ మాటకూ విలువ పోతుంది. నువ్వు కళ్లతో చూసింది చాలు. గడియ పెట్టుకుని నీడలు తీసుకెళ్లాడు, తాళ్లు కోశాడు, పుస్తకంలో లేని పని చేశాడు. ఈ మూడూ రాయి. మూడూ నిజమే కదా.

ముడి సంగతి ఎవరైనా అడిగితే తప్ప చెప్పకు.

మీ అత్త
తిప్పక్క


తూర్పు వాకిలి
శ్రావణ బహుళ చవితి

అత్తకు,

రాశాను. నాయకుడు మా ఇద్దరినీ నిలబెట్టి చదివి వినిపించాడు.

“నీడలు పెరట్లోకి తీసుకెళ్లావా?” అని అడిగాడు.

“తీసుకెళ్లాను. ఆరేశాను” అన్నాడు నింగప్పగారు.

“అలా చేయమని ఎక్కడ రాసి ఉంది?”

“ఎక్కడా రాసి లేదు. మాకు మా పెద్దలు చూపించారు. మేం చేశాం.”

“నీతోపాటు అలా చేసినవాళ్లెవరైనా ఉన్నారా?”

“ఒకరున్నారు. ఆమె మాట మీ దగ్గర చెల్లదు” అన్నాడు.

గౌరక్క ముందుకు వచ్చి ఏదో చెప్పబోయింది. ప్రమాణం చేసిన కావలిదానివి కావు, పక్కకు ఉండు అన్నాడు నాయకుడు. ముడి గురించి ఎవరూ అడగలేదు. నింగప్పగారు అంటారని చూశాను. అనలేదు. ఎందుకు అనలేదు?

తీర్పు వచ్చేదాకా ఆయన్ను పని నుంచి తప్పించారు. టోపీ తీసి బల్లమీద పెట్టి వెళ్తూ నా దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను. “కొయ్యగదిలో ఉత్తరం మూల కారుతోంది. గిన్నె పెట్టు” అన్నాడు. అంతే.

ఇవాళ పొద్దున ఆ గదిలోకి వెళ్లాను. విచారణ మొదలైనప్పటినుంచి ఎవరూ ఏ నీడనూ ముట్టుకోలేదు. తడిసిన గోనెసంచి వాసన వస్తోంది. ఒక ముసలాయన నీడ అంచున తెల్లగా బూజు ఉంది. వేలితో తాకితే అంచు విరిగి చేతిలోకి వచ్చింది. ఆయన లోపల సంతలో ఉన్నాడు, ఇంకా తెలియదు.

అత్తా, ఒక్కమాట అడుగుతున్నాను. నీ వేళలో ఆరేసేవారా? అవునో కాదో రాయి. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు.

కెంచవ్వ


నేరళెగుడ్డ
శ్రావణ బహుళ షష్ఠి

కెంచీ,

అవును. ఆరేసేవాళ్లం. నాకు నేర్పింది మా పెద్ద, నింగప్పకు నేర్పింది నేను. ఎండ రాగానే చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తడం నా అలవాటే.

ముందు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చెబితే అతను మంచివాడయిపోతాడు. పంతొమ్మిదేళ్లుగా నేను కట్టుకున్న ఇల్లు కూలుతుంది.

ఆ రోజు సంగతి కూడా చెబుతాను. నేను ముడులు వేసేదాన్ని కాదు. మొహం చూస్తే చాలు, ఎవరిది ఏదో నాకు గుర్తుంటుందనేదాన్ని. నింగప్ప పోట్లాడేవాడు. కొండనుంచి పెళ్లివారు నలభైమంది వచ్చారు. తిరిగి వెళ్లేటప్పుడు ఒక ముసలాయనకు ఇంకొకరి నీడ కట్టాను. కొయ్యల మీద ఎవరూ ఏమీ మార్చలేదు. అప్పటి నాయకుడు అడిగితే నింగప్ప ‘ముడి లేదు’ అన్నాడు. రెండే మాటలు. అబద్ధం చెప్పమని నేను అడగలేదు. చెబుతాడనుకున్నాను.

ఆ కోపం మొదట అతనిమీద పడింది. తర్వాత అతనే మార్చాడని మీ నాన్నకు చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించేది. నిన్ను ఆ ముడి వేయమన్నదీ అందుకే. ఇవాళ ఆలోచిస్తే, అన్నిటికీ ఒకే ముడి ఉంటే ఆరేసి తెచ్చినవాడికి ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? అతను ఇప్పటికీ ముడి చూసే తగిలిస్తాడు. తడిసి బిగిసిన గూడుముడి కొయ్య మీంచి ఊడిరాక కోసి ఉంటాడు.

ఇక నా మాట విను. ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు. అష్టమి రోజు నువ్వు ఏమీ మాట్లాడకు. రాసింది రాశావు, అందులో అబద్ధం లేదు. నింగప్పకు అరవై దాటాయి. పెళ్లాంపిల్లలు లేరు. నీకు పంతొమ్మిది. నీడ లేకపోతే ఏమవుతుందో నీకు తెలియదు. బావి దగ్గర నేను నిలబడితే మిగతావాళ్లు జరుగుతారు. పసిపిల్లల్ని ఎత్తుకోనివ్వరు. కోటలో మీ అమ్మ పోయినప్పుడు నేను ఏటి అవతలి ఒడ్డున నిలబడ్డాను. నీకు గుర్తుండదు.

పాపం నాది. నేను మోస్తాను. నువ్వు నోరు మూసుకుని ఉంటే చాలు.

అత్త


తెంకరేవు దారి, సత్రం
భాద్రపద శుద్ధ పాడ్యమి

అత్తకు,

నీ ఉత్తరం అష్టమి పొద్దున అందింది. కాల్చలేదు. ఎవరికీ చూపించలేదు కూడా. నీ మాట అక్కడ చెల్లదు. నా మాట చెల్లింది, ఆ మధ్యాహ్నం దాకా.

నింగప్పగారు ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. పెరట్లో బల్ల, దానిమీద కత్తి ఉన్నాయి. నాయకుడు కాగితం తీసేలోపు చెప్పాను. ముడి నేను మార్చాను, ఆయన మళ్లీ కట్టమన్నారు, కట్టానని అబద్ధం చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టు కడితే ఆయన చేతిలో నీడలు మారేవి కావు. ఆయనమీద రాసిన కాగితంలో ఇది దాచాను.

“ఆ ముడి నీకు ఎవరు నేర్పారు?” అన్నాడు నాయకుడు.

“ఎవరూ నేర్పలేదు” అన్నాను.

నింగప్పగారు నేలకేసి చూశారు. మన ఇంటి ఎద్దులకు వేసే ఆ ముడి ఆయనకు తెలుసు. చూసిన రోజే తెలిసి ఉంటుంది. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగాను.

“ఒకసారి చెప్పాను కదే, మీ ఇంటివాళ్ల మీద” అన్నారు. “ఒక జన్మకు ఒకసారి చాలు.”

కోయడం వాకిలి పెద్ద పని. అంటే ఆయనదే. నన్ను ఎండలో నిలబెట్టారు.

“కదలకే. కదిలితే వంకరగా తెగుతుంది.”

“నొప్పి ఉంటుందా?”

“నాకు తెలియదు. మీ అత్తను అడిగితే నన్ను బూతులు తిట్టింది.”

నొప్పి లేదు. తడిసిన గజ్జె తీసినట్టు ఉంది. తర్వాత మడమలు చల్లబడ్డాయి, ఇంకా చల్లగానే ఉన్నాయి. ఏట్లో వదిలేటప్పుడు నేను చూడలేదు.

నాయకుడు ఆ సాయంత్రమే పుస్తకం తెప్పించి, ఆరేసే పద్ధతి నింగప్పగారు చెబుతుంటే రాయించాడు. నా వేలు తగిలి అంచు విరిగిన ఆ ముసలాయన నీడను గౌరక్క కుట్టింది. కుట్టు కనబడుతోంది, కానీ నిలిచింది.

నువ్వు నా కోసం ఎదురుచూస్తూ ఉంటావు. నేను నేరళెగుడ్డకు రావడం లేదు. కోపంతో కాదు. కోపం ఉంది, కానీ అందుకు కాదు. నువ్వు రాసిన ఉత్తరంలో నింగప్పగారు ఉన్నారు, నేను ఉన్నాను, నువ్వు ఉన్నావు. మల్లవ్వ ఎక్కడా లేదు. నా ఉత్తరాల్లో కూడా మొదటిసారి తప్ప లేదు. నీడ పోయింది ఆమెకు. తీర్పు అయ్యాక వాకిలి బయటికి వస్తే ఆమె రాతిమీద కూర్చుని ఉంది. చేపల కంపు కొట్టే ఆ నీడ ఆమె కాళ్ల దగ్గర తిన్నగా కూర్చుని ఉంది.

“నీ మొహం చూడాలని లేదు నాకు” అంది. “కానీ ఆ చేపలదాన్ని నువ్వు చూశావు, నేను చూడలేదు. చూస్తే గుర్తుపడతావా?”

“పడతాను.”

“అయితే నడు.”

తెంకరేవుకు ఇంకా నాలుగు రోజుల దారి. మల్లవ్వ కుంటికాలి వల్ల అయిదు పట్టవచ్చు. ఈ సత్రంలో నన్ను లోపల పడుకోనివ్వలేదు. అరుగుమీద చోటిచ్చారు. దారిలో ఎవరైనా నా కాళ్లకేసి చూసి తప్పుకుంటే మల్లవ్వ వాళ్లను తిడుతుంది. నన్ను కాదు, వాళ్లను. ఎందుకో నేను అడగలేదు.

రేవులో ఎన్నాళ్లు వెతకాలో తెలియదు. నాకు ఉత్తరాలు అందే చోటు లేదు. నింగప్పగారికి రాయాలనుకుంటే రాయి. ద్యావప్ప తీసుకెళ్తాడు. ఆయన చదువుతాడు.

మల్లవ్వ నాతో మాట్లాడదు. పొద్దున మూట విప్పి జొన్నరొట్టె తీస్తుంది. దాన్ని రెండు చేస్తుంది. పెద్దముక్క తను ఉంచుకుంటుంది.

కెంచవ్వ